పాత వీసీఆర్‌ను విప్పి, దాని పనితీరును అర్థం చేసుకోవడం ఎలా

వీడియో క్యాసెట్లను రికార్డు చేసి, టీవీలో ఆడించే యంత్రమే వీసీఆర్. అటక మీద దుమ్ము పట్టిన వీసీఆర్‌ను పాత ఇనుప సామాన్ల దుకాణానికి తూకానికి వేసే ముందు ఒక మధ్యాహ్నం దానికి కేటాయించగలిగితే, సామాన్యుల ఇళ్ళలోకి వచ్చిన యంత్రాలన్నింటిలోకీ అతి సూక్ష్మమైన కొలతలతో పనిచేసిన ఒక యంత్రాన్ని కళ్ళారా చూడవచ్చు. సెల్‌ఫోనును విప్పితే నల్లటి చిప్పులు తప్ప మరేమీ కనిపించవు. అవి ఏం చేస్తున్నాయో ఎంతసేపు చూసినా తెలియదు. వీసీఆర్‌లో మాత్రం పనిలో సగం గేర్లు, మీటలు, స్ప్రింగులు, రబ్బరు చక్రాల మీదే నడుస్తుంది కనుక ఏ భాగం ఎందుకుందో వేలితో తిప్పి తెలుసుకోవచ్చు. ఇందులో పాటించవలసిన నియమం ఒక్కటే: ముందు చేత్తో తిప్పి చూడాలి, ఆ తరువాతే స్క్రూ విప్పాలి. వరస తప్పి, ఉత్సాహం కొద్దీ మొదటి గంటలోనే అన్నీ ఊడదీసినవారికి భాగాల కుప్ప మిగులుతుందే కాని, అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకునేవో తెలియదు.

ఏ యంత్రాన్ని ఎంచుకోవాలి

చక్కగా పనిచేస్తున్న వీసీఆర్ జోలికి వెళ్ళవద్దు. చివరిదాకా వీటిని తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి నిలిపివేసింది. ఇక కొత్తవి రావు. ఇంట్లోనో బంధువుల దగ్గరో కంప్యూటర్‌లోకి ఎక్కించని పెళ్ళి క్యాసెట్ ఒక్కటి మిగిలి ఉన్నా, పనిచేసే యంత్రం విలువ మీరు అనుకునే దానికంటే ఎక్కువ. చెడిపోయినది ఇంట్లో లేకపోతే పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మేచోట వెతకవచ్చు. హైదరాబాదు వారికి ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు ఉండనే ఉన్నాయి. 1980లలో గల్ఫ్ నుంచి వచ్చినవారు వెంట తెచ్చుకున్న బరువైన యంత్రాలు దీనికి శ్రేష్ఠం, ఎందుకంటే వాటిలో లోహపు భాగాలు ఎక్కువ, భాగాల మధ్య ఖాళీ ఎక్కువ. 1990ల చివరి నాటి తేలిక యంత్రాలలో ప్లాస్టిక్ గేర్లు ఎక్కువగా కనిపిస్తాయి కాని సూత్రం మారదు. ఊళ్ళలో టీవీతో పాటు ‘డెక్కు’ అని అద్దెకు తెచ్చుకున్నవాటిలో వీసీపీలు, అంటే క్యాసెట్‌ను ఆడించడం మాత్రమే చేసేవి, కూడా ఉండేవి. వీసీపీలో రికార్డింగు విభాగమూ, టీవీ ఛానళ్ళను పట్టే ట్యూనరూ ఉండవు, టేపును నడిపే యంత్రాంగం మాత్రం అదే కనుక అది దొరికినా సంతోషించవచ్చు.

కరెంటు విషయంలో జాగ్రత్త

ప్లగ్గు తీసివేసి, తీగను యంత్రానికే చుట్టి కట్టండి. ఎవరో వచ్చి మళ్ళీ పెట్టే అవకాశం ఉండకూడదు. పాత పిక్చర్ ట్యూబు టీవీలో ఉండేంత ప్రమాదకరమైన వోల్టేజీ వీసీఆర్‌లో ఉండదు, అయితే తేలికగా తీసుకోవలసినది కూడా కాదు. మన 230 వోల్టుల కరెంటును నేరుగా డీసీగా మార్చే స్విచ్ మోడ్ పవర్ సప్లై ఉన్న యంత్రంలో, కరెంటు తీగ వచ్చి కలిసే ప్రాథమిక వైపున, ఛార్జిని నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్ సుమారు 325 వోల్టుల దాకా ఛార్జి అయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు దాన్ని నిలుపుకోగలదు. రాత్రంతా వదిలేసి, మరునాడు మూత తీసిన తరువాత మల్టీమీటర్‌తో ఆ కెపాసిటర్ కాళ్ళ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే, ఇన్సులేషన్ ఉన్న తీగలతో 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను దాని కాళ్ళకు కొన్ని క్షణాలు తాకించి, మళ్ళీ కొలిచి చూడాలి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి నిప్పురవ్వలు రప్పించే పద్ధతి చాలామంది మెకానిక్‌ల దగ్గర కనిపిస్తుంది. అది నేర్చుకోదగిన విద్య కాదు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు యంత్రమైతే ఈ బెడద చాలా తక్కువ.

పనిముట్లు పెద్దగా అక్కరలేదు: రెండు మూడు సైజుల స్టార్ స్క్రూడ్రైవర్లు, సన్న మూతి నోస్ ప్లయర్, ఈ-క్లిప్పులు (చక్రాలు ఇరుసు మీదినుంచి జారకుండా పట్టే చిన్న క్లిప్పులు) తీయడానికి ఒక చిన్న చదునైన స్క్రూడ్రైవర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగులు రాలని గుడ్డ, మంచి వెలుతురు. స్క్రూలు వేసుకోవడానికి ఇడ్లీ రేకు కంటే అనువైనది నాకు కనిపించలేదు. ఒక్కో దశలో తీసినవాటిని ఒక్కో గుంటలో వేస్తే పొడవు పొట్టి స్క్రూలు కలిసిపోవు. ప్రతి దశకూ ముందు ఒక ఫోటో తీసుకోండి. రబ్బరు బెల్టులు కరిగి తారులా మారి ఉండవచ్చు కనుక చేతి తొడుగులు కూడా ఉంచుకోవడం మంచిది.

మూత తీయడం

పైమూత సాధారణంగా పక్కల, వెనుక ఉండే నాలుగైదు స్క్రూలతో ఉంటుంది. అవి తీశాక మూతను కొంచెం వెనక్కి జరిపి పైకి ఎత్తాలి. ముందు పలక ప్లాస్టిక్ కొక్కేలతో పట్టి ఉంటుంది. పాత ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఒక్కో కొక్కేన్నీ విడివిడిగా వదులు చేయాలి. దాని వెనుక ఆకుపచ్చ నీలం అంకెలు చూపే ప్రదర్శిని ఉంటుంది. అది గాలి తీసివేసిన గాజు గొట్టం, పగలనీయవద్దు.

లోపల మూడు ప్రాంతాలు కనిపిస్తాయి. ఒక పక్క పవర్ సప్లై, మధ్యలోనో పక్కకో లోహపు పళ్ళెం మీద యంత్రాంగం, మిగిలిన చోటంతా బోర్డులు. టీవీకి తీగ కలిపే చోట రేకు డబ్బాలా మూసి ఉన్నవి ట్యూనరూ, బొమ్మను టీవీ ఛానల్ సంకేతంగా మార్చి పంపే ఆర్ఎఫ్ మాడ్యులేటరూను. మీ యంత్రం వయసు తెలుసుకోవాలంటే చిప్పుల మీది ముద్రలు చూడండి: చాలా చిప్పుల మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, అందులో 8834 అంటే 1988లో 34వ వారం. యంత్రం ఆ తరువాతే ఎప్పుడో కూర్చినదన్నమాట.

టేపు ఎలా బయటికి వస్తుందో చూడటం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. ఏ విలువా లేని ఒక క్యాసెట్ తీసుకుని, ముందుగా దాన్ని చేతిలోనే పరిశీలించండి. పక్కనున్న చిన్న మీటను నొక్కితే టేపును కాపాడే తలుపు తెరుచుకుంటుంది. అడుగున మధ్యలో ఉన్న రంధ్రంలోకి పెన్ను మొన పెడితే రీళ్ళకు ఉన్న బ్రేకులు వదులవుతాయి. ఈ రెండు పనులూ యంత్రంలో క్యాసెట్ బుట్ట దిగేటప్పుడు వాటంతట అవే జరుగుతాయి. అడుగున ఉన్న 5 స్క్రూలు తీస్తే క్యాసెట్ రెండుగా విడిపోతుంది, కాని ఆ పని చివరికి ఉంచుకోండి.

ఇప్పుడు టేపును క్యాసెట్ నుంచి బయటికి లాగే లోడింగ్ మోటారును కనిపెట్టాలి. అది బొటనవేలంత చిన్న మోటారు. దాని ఇరుసుకు స్క్రూ మరలాగా చుట్లు తిరిగిన వార్మ్ గేరు, లేదా చిన్న బెల్టు ఉంటుంది. దాన్ని వేలితోనో స్క్రూడ్రైవర్ మొనతోనో తిప్పుతూ ఉండండి. చాలాసార్లు తిప్పితే కాని ఏమీ కదిలినట్టు కనిపించదు, అంతగా ఆ గేర్లు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. కొన్ని యంత్రాలలో ఇదే మోటారు క్యాసెట్ బుట్టను కూడా లోపలికి లాగి కిందికి దించుతుంది. మరికొన్నిటిలో బుట్టకు వేరే మోటారు ఉంటుంది. బుట్ట అడ్డమై ఏమీ కనిపించకపోతే నాలుగు స్క్రూలు తీసి దాన్ని ఎత్తేసి, క్యాసెట్‌ను చేత్తోనే రీళ్ళ మీద కూర్చోబెట్టి, తలుపు తెరిచి పట్టుకోవచ్చు.

తిప్పుతూ ఉంటే, టేపు వెనుక దాగి ఉన్న రెండు చిన్న స్తంభాలు వంపు తిరిగిన గాడుల వెంట నిదానంగా ముందుకు కదలడం మొదలవుతుంది. ఒక్కోదానికి తిరిగే ఒక రోలరూ దాని పక్కనే ఒరిగి ఉన్న మరో సన్న కడ్డీ ఉంటాయి. అవి టేపును క్యాసెట్ నోట్లోంచి లాక్కుంటూ, డ్రమ్ము అనే మెరిసే లోహపు స్థూపానికి అటొకటి ఇటొకటిగా వెళ్ళి, చివర వి ఆకారపు గాడిలో దిగి ఆగిపోతాయి. డ్రమ్ము అడ్డుపడటంతో మధ్యలో టేపు వెనక్కి వంగి, పైనుంచి చూస్తే ఇంగ్లీషు ఎమ్ అక్షరం ఆకారం తేలుతుంది. అందుకే దీనికి ఎమ్-లోడింగ్ అని పేరు. వీహెచ్ఎస్ అనేది మన ఇళ్ళలోని వీసీఆర్‌లు వాడిన క్యాసెట్ పద్ధతి. దానికి పోటీగా ఉన్న, సోనీ 1975లో తెచ్చిన బీటామ్యాక్స్‌లో టేపును ఒక పెద్ద వలయం చుట్టూ తిప్పే పద్ధతి ఉండేది. 1976లో జేవీసీ తన మొదటి వీహెచ్ఎస్ యంత్రంతో తెచ్చిన ఎమ్-లోడింగ్‌కు అంతకంటే తక్కువ చోటు సరిపోయింది.

స్తంభాలు ఆగిన తరువాత కూడా మోటారును ఇంకొంచెం తిప్పండి. స్ప్రింగు బిగుసుకుంటున్నట్టు వేలికి తెలుస్తుంది. ఆ అదనపు బలమే స్తంభాలను గాడి గోడలకు అదిమి పెట్టి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట నిలబెడుతుంది. అదే సమయంలో నల్లటి రబ్బరు పించ్ రోలర్ వచ్చి సన్నని ఉక్కు కడ్డీ అయిన క్యాప్‌స్టన్‌కు టేపును అదుముతుంది. ఎడమ వైపు రీలు చుట్టూ ఉన్న, ఫెల్టు గుడ్డ అతికించిన పట్టీ ఒక చిన్న చేతితో కలిసి టేపు బిగువును సరిచూస్తూ ఉంటుంది. ఇప్పుడు మోటారును వెనక్కి తిప్పి అంతా తిరిగి సర్దుకోవడం చూడండి. వదులైన టేపును రీలు తిప్పి చుట్టేయడం మరచిపోవద్దు.

డ్రమ్ము

దీనికి ముందు ఒక హెచ్చరిక: డ్రమ్ము అంచున కిటికీల్లాంటి చిన్న సందులలోంచి బయటికి తొంగి చూసే హెడ్డుల (టేపు మీద సంకేతాన్ని రాసే, చదివే భాగాల) మొనలను వేలితో తాకవద్దు, ఇయర్ బడ్‌తో రుద్దవద్దు. అవి పెళుసైన ఫెరైట్ ముక్కలు. పైకీ కిందికీ చిన్న తోపు తగిలినా విరుగుతాయి. తుడవవలసి వస్తే, ఆల్కహాల్‌తో తడిపిన శామ్వా అనే మెత్తని తోలునో మందపాటి తెల్ల కాగితాన్నో కదలకుండా డ్రమ్ముకు ఆనించి పట్టుకుని, డ్రమ్మును పైనుంచి చేత్తో నెమ్మదిగా తిప్పాలి.

డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. పైసగం తిరుగుతుంది, కిందిసగం కదలదు. పక్కనుంచి కన్ను ఆనించి చూస్తే రెండు విషయాలు గమనించవచ్చు. ఒకటి, డ్రమ్ము నిటారుగా ఉండదు, పళ్ళెం మీద సుమారు 6 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. రెండోది, కదలని కిందిసగం మీద ఏటవాలుగా చెక్కిన ఒక సన్న గట్టు ఉంటుంది. టేపు కింది అంచు దాని మీద ఆనుకుని నడుస్తుంది. పైసగం చుట్టూ సన్న గీతలు కూడా కనిపిస్తాయి. వేగంగా తిరిగేటప్పుడు డ్రమ్ముకూ టేపుకూ మధ్య చేరే గాలిపొరను అదుపులో ఉంచేవి అవే.

ఇంత హంగామా ఎందుకంటే, బొమ్మ సంకేతంలో సెకనుకు లక్షల మార్పులు ఉంటాయి; వాటిని అయస్కాంత టేపు మీద రాయాలంటే హెడ్డు టేపు మీద ఎంతో వేగంగా పోవాలి. 1956లో ఆంపెక్స్ చూపించిన మొదటి వాణిజ్య వీడియో రికార్డర్, 2 అంగుళాల వెడల్పు టేపుకు అడ్డంగా నాలుగు హెడ్డులను తిప్పి ఈ వేగాన్ని సాధించింది. వీహెచ్ఎస్‌లో అదే పనిని ఏటవాలు దారిలో చేశారు. మన టీవీలు వాడిన పాల్ అనే సంకేత పద్ధతిలో డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్డులు వంతులవారీగా టేపు మీద ఒక్కో ఏటవాలు గీత గీస్తాయి, ఒక్కో గీతలో ఒక ఫీల్డు, అంటే సగం ఫ్రేము ఉంటుంది. సెకనుకు 25 చుట్లు, 50 గీతలు, 25 ఫ్రేములు. టేపు మాత్రం సెకనుకు 23.39 మిల్లీమీటర్లే నింపాదిగా కదులుతుంది. హెడ్డుకూ టేపుకూ మధ్య ఉండే వేగం మాత్రం సెకనుకు సుమారు 4.84 మీటర్లు.

కాగితం తీసుకుని ఈ లెక్క మీరే వేయండి. కదలని హెడ్డుతో ఇదే వేగం కావాలంటే మూడు గంటల సినిమాకు 52 కిలోమీటర్లకు పైగా టేపు కావాలి. తిరిగే డ్రమ్ము వల్ల అది సుమారు 253 మీటర్లకు తగ్గి ఒక క్యాసెట్‌లో ఇమిడింది. ఒక ఫీల్డు గీసేలోపు టేపు ముందుకు జరిగేది సుమారు 0.47 మిల్లీమీటరు, గీత ఏటవాలుగా ఉండటం వల్ల పక్కపక్క గీతల మధ్య దూరం 0.049 మిల్లీమీటరుకు తగ్గుతుంది. గీతకూ గీతకూ మధ్య ఖాళీ అనేదే లేదు. అలాంటప్పుడు పక్క గీతలోని బొమ్మ ఇందులోకి కలిసిపోకుండా, రెండు హెడ్డుల మొనల్లోని సన్న చీలికలను ఒకదాన్ని 6 డిగ్రీలు ఇటు, మరొకదాన్ని 6 డిగ్రీలు అటు ఒరిగించారు. తన వాలుకు సరిపోని గీత మీద హెడ్డు పడినా అందులోంచి పెద్దగా ఏమీ చదవలేదు. వెనకటికి ట్రాకింగ్ బటన్ నొక్కి తెర మీది నలుసుల పట్టీని జరుపుతూ కూర్చున్నవారు నిజానికి సరిచేస్తున్నది, హెడ్డు ఈ సన్న గీత మీద పడే వేళనే.

రెండు కిటికీలకు బదులు నాలుగో ఆరో కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. లాంగ్ ప్లే (టేపును నిదానంగా నడిపి ఎక్కువసేపు రికార్డు చేయడం) కోసమో, నిలిపిన బొమ్మ శుభ్రంగా కనిపించడం కోసమో అదనపు హెడ్డులు పెట్టేవారు. హైఫై యంత్రాలలో ధ్వనికి కూడా డ్రమ్ము మీదే రెండు హెడ్డులు ఉంటాయి.

డ్రమ్మును విప్పడం దాదాపు చివరి పని. పైసగం చాలా యంత్రాలలో రెండు స్క్రూలతోనూ సోల్డర్ చేసిన కొన్ని కాళ్ళతోనూ ఉంటుంది; సోల్డర్ కరిగించి నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. తిరిగే హెడ్డుల నుంచి సంకేతం బయటికి తీగలు లేకుండా ఎలా వస్తుందనే ప్రశ్నకు జవాబు అప్పుడు దొరుకుతుంది. పైసగంలో ఒకటి, కిందిసగంలో ఒకటి, ఎదురెదురుగా రెండు ఫెరైట్ బిళ్ళలు, వాటి గాడుల్లో చుట్టలు. అదొక ట్రాన్స్‌ఫార్మర్, ఒక బిళ్ళ తిరుగుతుంది, మరొకటి తిరగదు, మధ్యలో వెంట్రుకపాటి గాలి.

టేపు దారిలో మిగిలినవి

ఎడమ రీలు నుంచి డ్రమ్ముకు వచ్చే దారిలో టేపు వెడల్పంతా ఉన్న హెడ్డు చెరిపేసేది. బొమ్మను ప్లే మాత్రమే చేసే వీసీపీలో అది అవసరం లేదు. డ్రమ్ము దాటిన తరువాత వచ్చేది జంట హెడ్డు: పైభాగం టేపు పై అంచున ధ్వనిని, కిందిభాగం కింది అంచున కంట్రోల్ ట్రాకును చూస్తుంది. కంట్రోల్ ట్రాకులో సెకనుకు 25 పల్సులు, అంటే చిన్న సంకేతపు గుర్తులు, ఉంటాయి, వాటిని బట్టే క్యాప్‌స్టన్ తన వేగాన్ని సర్దుకుంటుంది. ఇక ధ్వని సంగతి: పాటల క్యాసెట్‌లో టేపు సెకనుకు 47.6 మిల్లీమీటర్లు నడుస్తుంది, ఇక్కడ అందులో సగం కూడా లేదు. పాత పెళ్ళి వీడియోలలో సన్నాయి దుప్పటి కింద నుంచి వినిపిస్తున్నట్టు ఉండటానికి సగం కారణం ఇదే.

ఈ హెడ్డుకు ఉండే సర్దుబాటు స్క్రూలకు రంగో లక్కో వేసి ఉంటుంది. యంత్రాన్ని మళ్ళీ నడిపించే ఉద్దేశం ఉంటే వాటిని ముట్టుకోవద్దు.

అడుగుభాగం

యంత్రాన్ని తలకిందులు చేసి అడుగు రేకు తీయండి. క్యాప్‌స్టన్ కింద పెద్ద చదునైన ఫ్లైవీలు మోటారు కనిపిస్తుంది, దాన్నుంచి బెల్టు రీళ్ళను తిప్పే క్లచ్‌కు వెళుతుంది. బెల్టుల వయసూ, రెండు రీళ్ళ మధ్య ఊగే చిన్న ఇడ్లర్ చక్రపు రబ్బరు గట్టిపడటమూ కలిసి చేసే పని అందరికీ తెలిసిందే: క్యాప్‌స్టన్ టేపును ముందుకు తోస్తూనే ఉంటుంది, కుడి రీలు దాన్ని చుట్టుకోదు, టేపు పోగుపడి నలిగిపోతుంది. ‘డెక్కు క్యాసెట్ నమిలేసింది’ అని మనవాళ్ళు తిట్టుకున్న నేరం చాలాసార్లు ఈ రబ్బరుదే. కుడి రీలు తిరగడం లేదని ఒక సెన్సర్ గమనించి యంత్రాన్ని ఆపుతుంది, కాని అప్పటికే కొంత టేపు బలైపోయి ఉంటుంది.

గేర్ల మధ్య ఒక గుండ్రటి ప్లాస్టిక్ స్విచ్ ఉంటుంది. దాన్ని మోడ్ స్విచ్ అంటారు. స్తంభాలు ఇప్పుడు ఎక్కడున్నాయి, పించ్ రోలర్ అదిమిందా లేదా అని యంత్రపు మెదడుకు చెప్పేది ఇదొక్కటే. గేర్ల మీద చిన్న చుక్కలు, బాణాలు, రంధ్రాలు ఉంటాయి. తీసే ముందు అవి ఏవేవి ఎదురెదురుగా ఉన్నాయో తప్పనిసరిగా ఫోటో తీయండి. ఒక్క పన్ను తేడాతో పెట్టినా యంత్రం అర్ధంతరంగా ఆగిపోతుంది, లేదా టేపు బయట ఉండగానే క్యాసెట్‌ను బయటికి తోస్తుంది. ఈ-క్లిప్పులు తీసేటప్పుడు వేలు అడ్డుపెట్టండి. ఎగిరిపోయినది గదిలో మళ్ళీ దొరకదు.

సెన్సర్లు రెండు మాటల్లో చెప్పవచ్చు. క్యాసెట్ అడుగు రంధ్రంలోకి దూరే చిన్న స్తంభంలో ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉంటుంది, పాత యంత్రాలలో మామూలు బల్బే. టేపు రెండు కొసలా పారదర్శకమైన ముక్క ఉంటుంది, అది రాగానే వెలుతురు దాటి పక్కనున్న సెన్సర్‌కు తగులుతుంది, టేపు అయిపోయిందని తెలుస్తుంది. మూత లేకుండా ఎండలో ఉంచిన వీసీఆర్ వింతగా ప్రవర్తించడానికి ఇదే కారణం. డ్రమ్ము దగ్గర తేమను కనిపెట్టే సెన్సర్ కూడా ఉండవచ్చు, ఎందుకంటే తడి డ్రమ్ముకు టేపు అతుక్కుపోతుంది.

బోర్డుల మీద చూపుకు అందేది తక్కువ. తెలుపు నలుపు సంకేతాన్ని ఎఫ్ఎమ్‌గా మార్చి 3.8 నుంచి 4.8 మెగాహెర్ట్జ్ మధ్య ఊగేలా చేస్తారు, రంగు సంకేతాన్ని 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి దాని కింద కలుపుతారు అని తెలిస్తే చాలు. సంకేతాలను తెర మీద గీసి చూపే ఆసిల్లోస్కోప్ లేనివారు అక్కడ ఎక్కువసేపు కూర్చుని లాభం లేదు.

తిరిగి బిగించాలనుకుంటే, డ్రమ్మును తీయక ముందే ఆగి, తీసిన వరసకు సరిగ్గా వెనక్కి వెళ్ళండి, గేర్ల గుర్తులను ఫోటోలతో పోల్చుకోండి, ప్లగ్గు పెట్టేముందు లోడింగ్ మోటారును మరోసారి చేత్తో మొదటి నుంచి చివరిదాకా తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకోండి. బిగించే ఉద్దేశం లేకపోతే మోటార్లు, స్ప్రింగులు, డ్రమ్ము బేరింగులు దాచుకోదగినవి. బోర్డులనూ కెపాసిటర్లనూ మాత్రం చెత్తబుట్టలో వేయకుండా, ఇ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి.